ముల్లు రెండు దగ్గరే

బందరు రేవు దగ్గరున్న ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసరుకి నాడి చూసే పెట్టె తయారుచేసింది నాగేంద్రబాబే. గుడివాడలో ఓ ట్రైనింగ్ సెంటర్లో ల్యాబ్ అసిస్టెంటు. అక్క కనకమహాలక్ష్మి మొగుడు వీరాంజనేయులు ఆ ఫ్యాక్టరీలో ఆపరేటరు. ఇరవయ్యేళ్లుగా మిషను మంచిచెడ్డలు చెవితోనే పసిగట్టినవాడు, బావమరిది చదువుకున్నవాడన్న మురిపెంతో ఆ పని పెట్టెకి అప్పగించేశాడు.

పెట్టెలో పెద్ద మాయేం లేదు. బేరింగు మీద బిగించిన సెన్సరులో ఓ స్ఫటికం బిళ్ళ. మిషను వణికితే దాన్లో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెంచి పంపే బుల్లి సర్క్యూటు కూడా సెన్సరులోనే ఉంటుంది. దానికి నాలుగు మిల్లీయాంపుల కరెంటు, తగ్గకుండా పెరగకుండా అందాలి. అలా అందించేదే ఈ పెట్టె. రెండు పన్నెండు ఓల్టుల బ్యాటరీలు, కలిపి ఇరవైనాలుగు ఓల్టులు, ఓ మీటరు. ముల్లు అయిదు దాటితే మిషను ఆపెయ్యాలి, అంతే.

రెండువేల మూడు ఏప్రిల్లో వీరాంజనేయులు ఫోన్ చేశాడు.

"ఒరే నాగేంద్రా, బ్యాటరీ ఒకటి చచ్చిందిరా. రెండోదాంతో నడపొచ్చా?"

ల్యాబులో పరీక్షలు జరుగుతున్నాయి. నాగేంద్రబాబు తొందరలో ఉన్నాడు.

"అది స్థిర కరెంటు బావా! బ్యాటరీ ఒకటైనా రెండైనా కరెంటు మారదు. నడిపెయ్యి" అన్నాడు, కాస్త గొప్పగా.

ఆ సాయంత్రం సైకిలు తొక్కుతుంటే తట్టింది. సెన్సరు తీగ మీద ఎప్పుడూ పదకొండు ఓల్టులు నిలిచే ఉంటాయి. మిషను వణుకు ఆ పదకొండు మీద పైకీ కిందికీ ఊగాలి. ఉన్నవే పన్నెండైతే పైకి ఊగడానికి చోటేదీ? ఎంత కుదుపొచ్చినా ముల్లు తక్కువే చూపిస్తుంది. ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ అంత ధీమాగా చెప్పిన మాట తనే తప్పని ఒప్పుకోవాలి. ఆదివారం వెళ్లి చూద్దాంలే అనుకున్నాడు. ఆదివారం చల్లపల్లిలో పెళ్లి తగిలింది.

ఆ ఫోన్ తర్వాత తొమ్మిదో రోజు పట్టపగలు బేరింగు పగిలింది. షాఫ్టు ఊగిపోయి అమ్మోనియా గొట్టం తెగి విషవాయువు కమ్మేసింది. ఐసు దిమ్మలు మోసే పోతయ్య తలుపుదాకా రాలేక అక్కడే పడి చచ్చిపోయాడు. వీరాంజనేయులు ఊపిరితిత్తులు కాలి ఆస్పత్రి మంచమెక్కాడు. ఆపరేటరు నిద్రపోయాడంది రేవంతా. యజమాని జగన్మోహనరావు గారూ అదే అన్నారు. అలా అంటే ఆయనకి హాయి మరి.

నాగేంద్రబాబు బావ మంచం పక్కన కూర్చుని, దాచకుండా అంతా చెప్పేశాడు. వీరాంజనేయులు మొహం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపాడు.

"మోత విన్నానురా. చూస్తే ముల్లు రెండు దగ్గరే ఉంది. నా చెవికే వయసొచ్చిందేమో అనుకున్నా." కాసేపు ఆయాసపడ్డాడు. "ఈ మాట బయట అనమాక. నీ ఉద్యోగం పోద్ది."

అక్క కూడా అనొద్దన్నట్టు తలూపింది. నాగేంద్రబాబు ప్రాణం కుదుటపడింది. కుదుటపడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బయట వరండాలో పోతయ్య భార్య పెద్దింట్లమ్మ పోస్టుమార్టం కాగితాల కోసం కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది.

"బాబూ, మీ బావ నిద్రపోయాడంట. నిజమేనా?"

అవునంటే చాలు, అంతా అక్కడితో అయిపోతుంది.

"లేదమ్మా, మెలకువగానే ఉన్నాడు. మీటరు తప్పు చూపించింది. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు, ఒక బ్యాటరీతో నడపమని నేనే చెప్పాను. తప్పు నాది."

ఓల్టులూ మిల్లీయాంపులూ ఆమెకి అక్కర్లేదు.

"తప్పని నీకెప్పుడు తెలిసింది?"

"చెప్పిన సాయంత్రమేనమ్మా."

"ఆ తర్వాత తొమ్మిది రోజులు పనికెళ్లాడు బాబూ మా ఆయన. తొమ్మిది రోజులూ నేనే అన్నం కట్టి పంపాను."