గోడ అవతల దరువు

టక్... టక టక్... టక్.

గోడ మీద వేలి కణుపుల చప్పుడు. పొడిగా, సన్నగా.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఏప్రిల్ ఎండ. కరోనా రెండో ఏడు. కిటికీ కింద సైకిళ్లన్నీ గొలుసులు వేసుకుని నిలబడ్డాయి. హాస్టల్ సగం ఖాళీ.

గోడకు ఇవతల కెరోలిన్. అవతల ఈషా — కరోనాతో.

ఒకరిది నరసాపురం, ఒకరిది కరీంనగర్. ఇక్కడ మాత్రం ఇద్దరికీ ఒకటే గోడ.

ఈషా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే దగ్గు. అందుకే మెసేజ్ పెట్టింది. "డేనిష్ నాకు రాదు గానీ దరువు తెలుస్తది. నీ పద్యం గట్టిగ చదువు. నేను గోడ మీద కొడ్త."

సోమవారం జూమ్‌లో కెరోలిన్‌కు డెన్మార్క్ సాహిత్యం పరీక్ష. ఒక డేనిష్ పద్యం. దాని ఛందస్సు, ప్రాస, పునరుక్తి విప్పి చెప్పాలి.

అలవాటు కొద్దీ గురువులూ లఘువులూ పెట్టి చూసింది. గణాలు కుదరలేదు. ఉత్పలమాల కాదు, ఆటవెలది అసలే కాదు. ప్రాస కోసం ప్రతి పాదంలో రెండో అక్షరం వెతికింది. పూటంతా వెతికింది, పిచ్చిది! ప్రాసేమో పాదాల చివర తీరిగ్గా కూర్చుని ఉంది.

ఛందస్సును గోడ చెప్పింది. గొంతు ఊనిన చోట — టక్. ఊనని చోట ఏమీ లేదు.

ఓస్, ఇంతేనా!

ప్రతి చరణం చివరా ఒకే పాదం తిరిగొస్తుంది. గాలి ఇంకా ఇక్కడే ఉంది, అని. అక్కడ కెరోలిన్ ఆగుతుంది. ఆ పాదం ఈషాది. గోడ మీద ఆమె ఒక్కతే కొడుతుంది.

శనివారం మధ్యాహ్నం. కెరోలిన్ ఈషా గుమ్మం ముందు చారు పెట్టి వచ్చింది. చదివింది. ఆగింది.

గోడ పలకలేదు.

మళ్లీ చదివింది. మళ్లీ ఆగింది...

పలకలేదు.

ఊపిరి ఆడకపోతే వెంటనే అంబులెన్స్‌ను పిలవమన్నాడు డాక్టర్. గొంతే లేని మనిషి ఎలా పిలుస్తుంది? కెరోలిన్ లేచింది. గురువు లేదు, లఘువు లేదు — రెండు చేతులతో గోడను బాదింది.

"ఈషా! ఒసేయ్ ఈషా! పలకవే!"

ఫోన్ తీసింది. అంబులెన్స్ నంబరు నొక్కబోయింది.

"ఏందే... గోడ కూలగొడ్తవా?"

గోడ అవతల నుంచి గొంతు! బొంగురుగా, అరిగిపోయి... కానీ గొంతు!

"ఇన్ని దినాలకు జర నిద్ర పట్టింది. జరం దిగిందే. చెమటకు తడిసి ముద్దయిన."

కెరోలిన్ నేల మీద కూలబడింది. "స్తోత్రం ప్రభువా" అంది. ఏడ్చింది. నవ్వింది. అమ్మయ్య అంది. మళ్లీ అంది. మళ్లీ అంది. ఈ పునరుక్తి ఎందుకని ఎవరూ అడగలేదు.

"చదువు. ఇంటున్న" అంది ఈషా.

కెరోలిన్ చదివింది. ఊనికలన్నీ చెదిరిపోయాయి. చరణం చివర ఆగింది.

ఈసారి దెబ్బలు రాలేదు. మాటలు వచ్చాయి — వినీ వినీ పట్టేసిన డేనిష్. సగం మాటలు తప్పు. దరువు మాత్రం ఎక్కడా తప్పలేదు.

చివరి మాట దగ్గర దగ్గు అడ్డొచ్చింది.

ఆ ఒక్క మాట కోసం కెరోలిన్ గోడకు చెవి ఆనించి కూర్చుంది...