పదునాలుగు గీట్ల నీరు

శరత్కాలారంభమున వర్షధౌతమైన గగనము నీలాంబరమువలెఁ బ్రకాశింపఁగా కొండలనుండి దిగివచ్చిన ఎఱ్ఱని వఱదనీరు తేరుకొని ఉప్పుటేటి ముఖమున సముద్రజలముతో మెల్లమెల్లగాఁ గలయుచుండెను. ఏటికిని కడలికిని నడుమ నచట గోడ లేదు. అడుగడుగునకు నొకింత హెచ్చు లవణము మాత్రమే కలదు. ఆ తీరమున నూతనముగా వెలసిన పాలరాతి హోటలు నట్టనడుమ నిలువెత్తు అద్దముల వెనుక రక్తపీతవర్ణప్రవాళశోభితమైన కృత్రిమసముద్రమొకటి మత్స్యరహితమై ప్రారంభోత్సవమునకై వేచియుండెను.

ఆ గాజుకడలికిఁ గాపరి సూరాడ ఎర్నమ్మ యను పడుచు. ఉప్పుటేటఁ బట్టించిన నలుబది దువ్వెన చేపలను ఆమె పెరటి సిమెంటుతొట్టిలో నుంచి సన్నని గొట్టమునకు ముడివేసి దానినుండి సముద్రజలము చుక్కచుక్కగా జాఱునట్లు అమర్చెను. ఉప్పుమళ్లలోఁ బనిచేసిన తన అవ్వ యిచ్చిన, అడుగున ఇసుక పోసి మూతి బిగించిన ఇసుకబుడ్డి ఆ నీటఁ దేలుచుండెను. నీట లవణము హెచ్చుకొలఁది బుడ్డి పైకి లేచును. దానిపై పదునాలుగు గీట్లు గలవు; తుదిది కడలినీటి ఉప్పునకు గుర్తు. దినమున కొక్క గీటు లేచినఁ జాలును. అంతకంటెఁ ద్వరపడినచో చేప యొడలిలోని నీటిని ఉప్పు పీల్చివేయును.

నాలవనాఁటి ఉదయమున యజమాని త్రివిక్రమరావు పట్టుపంచె కట్టి సిద్ధాంతి వ్రాసియిచ్చిన కాగితముతోఁ బెరటికి వచ్చెను.

“ఏమ్మా, పది ఇరవైరెండుకి ముహూర్తం. మళ్లీ మూడు నెలలదాకా మంచి రోజు లేదట. చేపల్ని వదిలేద్దాం.”

“బాబూ, బుడ్డి నాలుగో గీటుకాడే ఉంది. ఇంకా పది రోజులు ఆగాల. ఇప్పుడొగ్గీసినారంటే సచ్చిపోతాయి.”

“సముద్రం పక్కన పుట్టినవాటికి ఉప్పు కొత్తా?”

“మీ ముహూర్తం సేపలకి సెప్పినారా బాబూ?”

గడపయొద్ద నిలిచిన వంటమనిషి కిసుక్కున నవ్వెను. యజమాని మోము కందగడ్డవలె నెఱ్ఱనయ్యెను. అతఁడు చేయి విసరఁగా సేవకులు వల దింపి చేపలను వెండిబిందెలోని కెత్తిరి. తొట్టిమూల పెంకుక్రింద దాఁగిన ఆఱింటిని వారు చూడలేదు. చూచిన ఎర్నమ్మ నోరు మెదపలేదు.

మంగళవాద్యములు మ్రోఁగుచుండ పసుపుకుంకుమ లలఁదిన అద్దము వెనుక ముప్పదినాలుగు ప్రాణులు ఒక్కమాఱుగా ఉప్పున కప్పగింపఁబడెను. అవి బాణములవలె నిటునటు దూసికొని ప్రవాళములఁ దాఁకి నీటిపైకి ఎగసిపడెను.

“అబ్బ, ఎంత హుషారుగా ఆడుతున్నాయో చూడండి!” అని పట్టుచీర కట్టిన అతిథి యొకతె కరతాళములు చేసెను.

అది ఆట కాదు. ప్రాణము విలవిలలాడుట. దానిని ఎఱింగినది ఆ సభలో నొక్కతెయే. ఆమెకుఁ గుర్చీ లేదు. మాటయు లేదు. సాయంకాలమునకుఁ జేపలన్నియు వెల్లకిలఁ దేలెను. అద్దమునకుఁ దెర దించిరి.

“నీరసం చేపల్ని తెచ్చి పరువు తీశావు. పది రోజుల్లో ఇంకో తొట్టెడు చేపలు కావాలి. లేదంటే నీ దారి నువ్వు చూసుకో” అని యజమాని గద్దించెను. ఎర్నమ్మ చచ్చిన చేపలను గంపకెత్తి కొబ్బరిచెట్టు క్రింద గొయ్యి త్రవ్వి పూడ్చెను. పిమ్మటఁ దొట్టికడకుఁ బోయి గొట్టపుముడిని సరిచూచెను.

వారము గడచినను ఆమె క్రొత్త చేపను దేలేదు. పదునాలవనాఁడు బుడ్డి తుదిగీటు చేరెను. ఆఱు చేపలును సుఖముగా నీఁదులాడుచుండెను. వేకువనే ఆమె వానిని అద్దపుఁగడలిలోనికి విడిచెను. అవి బెదరలేదు. ప్రవాళశాఖల నడుమ పుట్టినింట మెలఁగినట్లు మెలఁగెను.

మధ్యాహ్నము అతిథులతో వచ్చిన యజమాని తెర తొలఁగించి వానిని గాంచి పొంగిపోయెను. “చూశారా! ఆ రోజు వదిలినవే. ముహూర్తబలం అంటే ఇదీ!”

మూల నిలిచిన ఎర్నమ్మ ముందునకు వచ్చెను. స్వరము హెచ్చింపలేదు. “ఆ రోజు ఒగ్గినవి ముప్పైనాలుగూ కొబ్బరిసెట్టు కింద ఉన్నాయి బాబూ. ఇవి మీ వలకి సిక్కనివి.”

అతిథులు నేలచూపులు చూచిరి. ఆనాఁడే ఆమె యుద్యోగము పోయెను. ఇసుకబుడ్డిని కొంగునఁ గట్టుకొని ఆమె వెడలిపోయెను.

పంచాంగమునఁ దిథివారనక్షత్రములు గలవు గాని యొక ప్రాణి యొడలు పరాయినీటి కొడఁబడు దినము దానిలో వ్రాయఁబడదు. ఆమె వేసిన ముడిని విప్పువా రెవ్వరును లేకపోఁగా చేపలు లేని ఆ పెరటితొట్టిలోనికి సముద్రము నేఁటికిని చుక్కచుక్కగా జాఱుచున్నది.