బొంతల మడతలో పాస్‌పోర్టు

"మన ఇంట్లోంచి నాలుగు ఓట్లు వస్తాయని సార్‌కి మాటిచ్చేశాను" అన్నాడు మా ఆయన. శనివారం సాయంత్రం, నేను బోర్సోక్‌లకి, అంటే నూనెలో వేయించే రొట్టెముక్కలకి, పిండి పిసుకుతున్నాను. మా ఆయన పేరు ఎసెన్‌కుల్, జిల్లా ఆఫీసులో కారు నడుపుతాడు. సార్ అంటే ఆ కారు వెనక సీట్లో కూర్చునే పెద్దమనిషి. మర్నాడే ఎన్నికలు, ఆ ఓట్లు సార్ చెప్పిన అభ్యర్థికి. నాలుగు ఓట్లంటే మా ఆయనది, మా అత్తగారిది, నాది, మా అమ్మాయి మేరిమ్‌ది. నన్నొక మాట అడగలేదే అని నాకు తోచలేదు. పిండిలో ఉప్పు వేశానా లేదా అని మాత్రం తోచింది.

మేరిమ్ నరీన్ పట్నంలో నర్సింగు చదువుతోంది. మొదటిసారి ఓటెయ్యాలని మంచులో నాలుగు గంటలు వ్యాన్‌లో కూర్చుని వచ్చింది. టీ గిన్నె కింద పెట్టి మెల్లిగానే చెప్పింది.

"నాది నీ లెక్కలోంచి తీసెయ్ నాన్నా. నేను ఆ లాయరమ్మకి వేస్తున్నాను."

అధ్యక్ష పదవికి పదకొండు మంది నిలబడితే అందులో ఆడమనిషి ఆవిడొక్కతే. మా ఆయన పొలమారేలా నవ్వాడు.

"ఆవిడ దేశాన్ని ఏలుతూ కూచుంటే వాళ్లాయనకి టీ ఎవరు పెడతారే?"

"ఆయనే పెట్టుకుంటాడు. చేతులున్నాయిగా."

"మా కాలంలో కాగితం మీద ఒక్కటే పేరుండేది" అంది మా అత్తగారు కాల్‌బుబు. "హాయిగా ఉండేది. వేసేసి వచ్చి పాలు పితుక్కునేవాళ్లం." తర్వాత నా వైపు తిరిగింది. "ఇదంతా నీ పెంపకమే కోడలా."

నేను నూనె మూకుడు వైపు తిరిగిపోయాను. ఎవరైనా అడిగి ఉంటే నాకూ ఒక అభిప్రాయం ఉంది. అభ్యర్థులందరినీ టీవీలో వరసగా కూర్చోబెట్టిన రోజున, ఇంటిల్లిపాది సాక్సులకీ చిల్లులు కుడుతూ నేనూ చూశాను. ఒకాయన తాతముత్తాతల గుర్రాల గురించి చెప్పాడు. ఇంకొకాయన తన టోపీని గంటసేపు వెనకున్న అమ్మాయి చేత పట్టించాడు. టోపీ పెట్టుకోవడానికి తలకాయ ఉంది కదా, ఆ పిల్ల చేతులెందుకు అనిపించింది. లాయరమ్మ మాత్రం, మంచాన పడ్డ పెద్దవాళ్లకీ పసిపిల్లలకీ ఇంట్లో చాకిరీ చేసిన ఏళ్లని పింఛనుకి ఉద్యోగం చేసిన ఏళ్లుగానే పరిగణించాలి అంది. సూది వేలికి దిగింది. నేను తొమ్మిదో తరగతి చదివి పాలకేంద్రంలో నాలుగేళ్లు పని చేశాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు, అందులో మా మామగారు మంచాన ఉన్న ఆరేళ్లూ కలిపి, ఏ కాగితం మీదా లేవు. ఆ ఏళ్ల గురించి ఒక మనిషి టీవీలో మాట్లాడుతుందని నేను అనుకోలేదు. మా ఆయన చానల్ మార్చాడు. నేను ఇంకో సాక్సు తీసుకున్నాను.

నచ్చడం వేరు, భయం వేరు. మా ఊరు మొత్తం మూడు వందల ఓట్లు. లెక్కపెట్టాక ఎవరికెన్ని వచ్చాయో కాగితం మీద రాసి బడి తలుపుకి అంటిస్తారు. లాయరమ్మ పేరు పక్కన ఒక్కటి పడ్డా, అది డ్రైవరు కూతురిదేనని పొద్దుటికల్లా తెలిసిపోతుంది. సార్ మా ఆయన చేతిలోంచి తాళాలు లాక్కుంటాడు. జనవరి నెల, బొగ్గు అయిపోతుంది. చదువు ఆగిపోతుంది. నోరున్న పిల్ల అని పేరు పడితే నరీన్‌లో ఎవడో దాన్ని దారి కాచి కొడతాడు. నా బుర్ర అలాగే నడుస్తుంది. దగ్గు వినిపిస్తే శవపేటిక దాకా వెళ్లిపోతాను.

అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు నేను దాని సంచిలోంచి పాస్‌పోర్టు తీశాను. మా దగ్గర గుర్తింపు కార్డునే పాస్‌పోర్టు అంటారు, అది చూపిస్తేనే ఓటు. అరచేతిలో పట్టేంత కార్డు. ఫొటోలో కూడా అది గడ్డం పైకెత్తే ఉంది. గోడవార పేర్చిన బొంతల దొంతరలో కింది నుంచి మూడో బొంత మడతలో పెట్టాను. చుట్టాలొస్తే ఆ బొంతే తీస్తారేమోనని పిండిబస్తాలో పెట్టాను. ఎలుక కొరుకుతుందేమోనని మళ్లీ తెచ్చి బొంతలోనే పెట్టాను.

ఆదివారం పొద్దున మేరిమ్ సంచి బోర్లించింది. కోటు జేబులు తిరగేసింది. దాని మొహం పాలిపోయింది.

"వ్యాన్‌లో పడిపోయిందేమో అమ్మా."

దానితో పాటు నేనూ వెతికాను. రాయడానికి నాకు సిగ్గుగా ఉన్నది ఇదే. మంచం కిందికి దూరి వెతికాను, గిన్నెల వెనక వెతికాను, వాకిట్లో మంచు తవ్వి చూశాను. "వస్తువు జాగ్రత్తే లేదు నీకు" అని పైగా కసిరాను. అది నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అమ్మా, నిన్ను కూడా కంగారు పెట్టేశాను" అంది. అప్పుడైనా నా నోరు పెగిలి ఉండాల్సింది.

"కార్డుముక్క దాచుకోవడం చేతకాదు గానీ, దేశం ఎవరి చేతిలో పెట్టాలో చెబుతుందట" అన్నాడు మా ఆయన బూట్లు వేసుకుంటూ. అత్తగారు నవ్వింది. నేనూ నవ్వానేమో, గుర్తులేదు, నవ్వే ఉంటాను.

బడికి నడుస్తుంటే నా పెళ్లినాటి సంగతి గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన వారానికే మా మామగారు నా పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాడు. చిన్నపిల్లవి, పోగొట్టుకుంటావు అన్నాడు. ఎన్నికలొస్తే ఇంట్లో అందరివీ కట్టగా పట్టుకెళ్లి, తిరిగొచ్చి, "నువ్వూ వేసేశావు కోడలా" అనేవాడు. ఆ రోజుకి ఒక పని తగ్గిందని నేను సంతోషించేదాన్ని. వేలిముద్ర మిషను వచ్చాకే మనిషి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది.

ఆ మిషను నన్ను గుర్తుపట్టలేదు. కుడి బొటనవేలు పెట్టాను, ఎర్ర దీపం. చూపుడువేలు, ఎర్ర దీపం. వెనక వరసలో ఊరు ఊరంతా ఉంది.

"పిన్నీ, మీ వేళ్లకి గీతలే లేవు" అంది మిషను దగ్గరున్న అమ్మాయి, పాపం నెమ్మదిగానే.

"బూడిదతో గిన్నెలు తోమితే ఏం మిగుల్తాయి" అంది వెనక నుంచి ఎవరో. "నుదుటికి రాసి పెట్టు, జిడ్డు అంటుకుంటుంది" అంది మా అత్తగారు. నుదుటికి రుద్దుకుని ఒక్కొక్క వేలూ పెడుతుంటే దొంగతనంలో పట్టుబడ్డదానిలా ఒళ్లంతా చెమటలు పట్టాయి. పట్టుబడ్డా బాగుండేదనిపించింది. ఎడమచేతి చిటికెనవేలుకి పచ్చదీపం వెలిగింది.

తెర వెనక నేనూ, కాగితమూ, పెన్నూ. అంత చిన్న చోటులోనైనా పెళ్లయ్యాక నేను ఒక్కదాన్నే నిలబడటం అరుదు. మా ఆయన వాళ్ల సార్ చెప్పిన పేరు పైనే ఉంది. బొగ్గు గుర్తొచ్చింది, కారు తాళాలు గుర్తొచ్చాయి. లాయరమ్మ పేరు కింద నుంచి రెండోది. పిల్ల ఓటు లాగేసుకున్నాను, దానికి బదులు నాదిచ్చేస్తే సరిపోతుందనుకుంటూ పెన్ను పెట్టాను. కానీ గీత గీస్తుంటే తెలిసింది, నేను దాని కోసం గీయడం లేదు. ఆ సాక్సుల రోజు నుంచీ నేను గీయాలనుకున్న గీతే అది. ఇద్దరమూ ఒకే మనిషిని కోరుకున్నాం. అందులో ఒకరిని నేను ఇంట్లో కూర్చోబెట్టి వచ్చాను.

సోమవారం మధ్యాహ్నం మా ఆయన హుషారుగా ఇంటికొచ్చాడు. సార్ చెప్పిన మనిషే గెలిచాడు. మేరిమ్ కోటు వేసుకుని కూర్చుంది, పాస్‌పోర్టు పోయిందని జిల్లా ఆఫీసులో రాసిచ్చి నరీన్ వ్యాన్ ఎక్కాలని.

"లాయరమ్మకి మన ఊళ్లో ఒక్క ఓటు పడింది" అన్నాడు మా ఆయన రొట్టె తుంచుతూ. "ఎవరిదని సార్ అడిగాడు."

"ఎవరిదట?" అంది అత్తగారు.

"ఇంకెవరిది, టీచర్ బాత్మాది. అడగడానికి మొగుడా లేడు. అదే చెప్పాను. వచ్చే ఏడు ఆవిడ బళ్లో ఉంటే చూడు."

బాత్మా మేరిమ్‌కి అక్షరాలు దిద్దించిన మనిషి. మేరిమ్ లేచి నిలబడింది. "చూశావా నాన్నా నువ్వు? వెయ్యని నన్నేమో తిట్టావు, ఆవిడ మీదేమో చాడీ చెప్పావు. ఆవిడే వేసిందని నీకెలా తెలుసు?"

"మరెవరు వేస్తారే? మీ అమ్మా?" అన్నాడు. ముగ్గురూ ఒకేసారి నా వైపు చూశారు. మా ఆయన మొహంలో అనుమానం లేదు, సరదా ఉంది. నన్ను అనుమానించడం కూడా ఆయనకి తట్టలేదు. ఊరుకుంటే చాలు. బాత్మా మాట బాత్మా చూసుకుంటుంది. కార్డు ఏ బొంత దులుపుతుంటేనో దొరికినట్టు చెప్పొచ్చు. మేరిమ్ నన్ను ముద్దు పెట్టుకుంటుంది కూడా. ఆ ముద్దు మాత్రం నేను తీసుకోలేను.

చేతులు తుడుచుకుని బొంతల దొంతర దగ్గరికి వెళ్లి, కింది నుంచి మూడో మడతలోకి చెయ్యి పెట్టాను.

"ఆ ఒక్క ఓటు నాది" అన్నాను మా ఆయనతో. తర్వాత కార్డు మా అమ్మాయికి చాపి, దాని మొహంలోకి చూస్తూనే అన్నాను. "రెండోది పడకుండా దొంగిలించిందీ నేనే."