పదిహేడో ప్రశ్న

పోశవ్వ చెప్పులు విడిచి, తూకం మీదికి ఎక్కుతూ ఎప్పటిలాగే బాలమల్లు భుజం పట్టుకుంది. అతడు వంగి ఆ చెప్పులను గోడవారకు జరిపి, అంకెలు నిలుస్తాయేమోనని చూశాడు. నిలవలేదు.

"భుజం ఇడువు అవ్వా. పట్టుకుంటే తూకం సరిగ రాదు."

"ఇడిస్తే కింద పడ్త. అప్పుడెట్ల తూస్తవ్?"

అయినా విడిచింది. "యాభై రెండున్నర," అన్నాడు బాలమల్లు. "మూడు కిలోలు పెరిగినవ్. నీళ్ళు బాగనే తాగినట్టున్నవ్."

"నేనెక్కడ తాగిన? గాలి మింగిన."

"అబద్ధమన్నా," అంది వెనక నిలబడ్డ కోడలు నవనీత. "కుండకాడ చెంబు సప్పుడు నాకు ఇనపడదనుకుంటది."

"నీకు ఇనపడాలెననే సప్పుడు జేసిన పిల్లా. దొంగతనంగ తాగేదాన్నయితే మెల్లగ తాగకపోదునా?"

బాలమల్లు నవ్వుతూ అంకె రాసుకున్నాడు. పాడైన మూత్రపిండాలు నీటిని బయటికి పంపవు. తాగిన ప్రతి గుక్కా కాళ్ళలో, ఊపిరిలో నిలిచిపోతుంది, సోమవారం, గురువారం ఇక్కడి డయాలసిస్ యంత్రం తోడేదాకా.

కరీంనగర్‌లోని ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో బాలమల్లు పంతొమ్మిదేళ్ళుగా సహాయకుడు. యాభై రెండేళ్ళ మనిషి. అంతకుముందు గ్రానైటు రాళ్ళకు మెరుగుపెట్టే షెడ్డులో పనిచేశాడు. ఆ రోజుల గుర్తుగా కుడి చూపుడువేలికి సగం గోరే ఉంది. లేత నీలం చొక్కా, మడమల దగ్గర అరిగిన చెప్పులు, నుదుట విభూతి. తూకం పైన గోడకు వేములవాడ రాజన్న పటం తగిలించాడు. వార్డులో మంట పెట్టకూడదు కనుక అగరొత్తి వెలిగించడు, రోజూ ఒక పువ్వు పెడతాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. రోగులు వాంతి చేసుకుంటే ముఖం తిప్పుకోడు. అతడి గురించి ఇంతకు మించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

ఏడాది కిందట హైదరాబాద్ నుంచి డాక్టర్ భవ్యశ్రీ వచ్చి ఇక్కడ ఒక పరిశోధన మొదలుపెట్టింది. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవాళ్ళకు మందులూ యంత్రమూ కాక ఇంకేం ఆసరా కావాలో తెలుసుకోవడానికి. ప్రతి రోగినీ నెలకొకసారి ఇరవై ఒక్క ప్రశ్నలు అడగాలి. పదిహేడో ప్రశ్నకు ఎవరి జవాబులో బాధ కనబడితే వాళ్ళింటికి ఒకామె వెళ్ళి, రోగితోనూ ఇంటివాళ్ళతోనూ కూర్చుని మాట్లాడుతుంది. రోగులకు చనువున్న మనిషని అడిగే పని బాలమల్లుకు అప్పగించారు.

నిద్ర పడుతున్నదా, ఆకలి అవుతున్నదా, ఒళ్ళు దురద పెడుతున్నదా, అన్నీ అడిగేవాడు. పదిహేడోది మాత్రం ఒక్కరినీ అడగలేదు. ఇంట్లోవాళ్ళకు భారమయ్యారని మీకు అనిపిస్తుందా? ఈ ప్రశ్న రోగిని ఒంటరిగా అడగాలని నియమం. కానీ మంచం అంచున కోడలో, పెనిమిటో, బిడ్డో కూర్చుని ఉండేవారు. చీకటితో లేచి, పని మానుకుని, బస్సు పట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళను బయటికి పొమ్మని ఆ మాట అడగడం అతడికి చేతకాలేదు. ఇరవై ముగ్గురికీ నెలనెలా 'ఎప్పుడూ లేదు' అని ట్యాబ్‌లో తానే నొక్కాడు. అది మర్యాద అనుకున్నాడు. ఎవరికీ చెడు చేయని అబద్ధం రాజన్నకు కూడా తప్పుగా కనబడదులే అనుకున్నాడు.

ఆ సోమవారం పదకొండు గంటలకు భవ్యశ్రీ వచ్చింది. నేరుగా అతడి దగ్గరికే వచ్చింది.

"బాలమల్లు గారూ, మిమ్మల్ని చూడ్డానికే వచ్చాను. మిగతా ఊళ్ళలో సగం మంది రోగులు ఇంట్లో భారమైపోయామని బాధపడుతున్నారు. ఇక్కడ ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. మీ ప్రాంతం కుటుంబాల్లో ఏదో మంచి ఉంది. అదేంటో తెలుసుకుని రాయాలి."

సిస్టర్ రోజారాణి చప్పట్లు కొట్టింది. మంచాల మీద పడుకున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. వాళ్ళలో కొందరు నవ్వారు కూడా. బాలమల్లు చెవులు కాలాయి. నేల మీద ఎక్కడైనా నీళ్ళు ఒలికి ఉంటే బాగుండు, తుడవడానికి వంగొచ్చు అనిపించింది.

"ఆ ప్రశ్న ఎట్లా అడుగుతారు మీరు?" అంది భవ్యశ్రీ.

"మెల్లగ అడుగుత మేడం."

ఇదీ అబద్ధమే. ఇన్నాళ్ళూ వేలితో చెప్పాడు, ఇప్పుడు నోటితో.

వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ట్యాబ్ తీసుకుని ఏడో మంచం దగ్గరికి వచ్చాడు.

నవనీత మంచం అంచున కూర్చుని ఉంది. బీడీలు చుట్టే మనిషి. చొప్పదండి నుంచి ఇక్కడికి వచ్చే రెండు రోజులూ ఆమెకు పని సాగదు. ఒడిలో చేట లేకపోయినా ఆమె వేళ్ళు ఊరికే ఆకు చుడుతున్నట్టు కదులుతున్నాయి. పోశవ్వ ఎడమచేతి మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఆ చేతి కింద చిన్న బొంత ముక్క. ఆసుపత్రి దిండు జారుతుందని పాత చీరల పేలికలతో తానే కుట్టి తెచ్చుకుంది.

"చెల్లే, జరసేపు కిందికి పోయి చాయ తాగి రా."

"ఎన్నడు లేనిది అత్తతోని గుసగుసలేందన్నా?"

"పో పిల్లా. నాకు లగ్గం సంబంధం తెచ్చిండట," అంది పోశవ్వ.

నవనీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళింది. బాలమల్లు స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"అవ్వా, ఒక మాట అడగాలె. నువ్వు ఇంటోళ్ళకు భారమైనవని అనిపిస్తదా?"

పోశవ్వ అతడి ముఖాన్నే చూసింది.

"పదకొండు నెలలాయె. ఇయ్యాల అడుగుతున్నవా?"

"ఏందవ్వా?"

"గా డాక్టర్ పిల్ల మొదటినాడు అన్ని సదివి ఇనిపించలేదా? గిదొక్కటే నా మతిల పడ్డది. నువ్వు దురద ముచ్చట దాటినవంటే, ఇగ అడుగుతడు, ఇగ అడుగుతడు అని సూస్తుంటి. ఏం జెప్పాలెనో అనుకొని గూడ వస్తుంటి బిడ్డా. నువ్వేమో దాటేసి పోతుంటివి."

బాలమల్లు తల వంచుకున్నాడు. "నాకు నోరు రాలే అవ్వా. కోడలు ముంగట..."

"నాకోసం ఆగినవా, నీకోసం ఆగినవా?"

ఆమె కోపంతో అనలేదు. కొత్త కుండను వేలితో తట్టి చూసినట్టు అడిగింది, అంతే.

"రాసుకో. ఎల్లప్పుడు," అంది పోశవ్వ. "కొడుకు దుబాయి నుంచి ఫోన్ల పైలం, జాగర్త అంటడు, పెట్టేస్తడు. నన్ను మోసేది గీ పిల్లే. దాని వేళ్ళు సూసినవా? ఆకు లేకున్నా సుడుతనే ఉంటయ్. నేను పండుకున్నట్టు జేసి నాలుగు గంటలు గవే సూస్త."

'ఎల్లప్పుడూ' అన్నచోట బాలమల్లు మొదటిసారి నొక్కాడు.

భవ్యశ్రీ మెట్లు దిగుతుంటే వెంట వెళ్ళాడు.

"మేడం, పదిహేడోది నేను అడగలే."

"ఎవర్ని?"

"ఎవ్వర్నీ. అన్ని నేనే నొక్కిన."

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే కొంత నయంగా ఉండేది.

"పదకొండు నెలలు ఇక్కడ ఏ ఇంటికీ మనిషిని పంపలేదు బాలమల్లు గారూ. అవసరం లేదనుకున్నాను," అంది మెల్లగా. "గురువారం వేరే ఆమెను పంపుతాను. అందరినీ మళ్ళీ అడగాలి. పోశవ్వ గారింటికి శుక్రవారం వెళ్తారు," అంది.

సూదులు తీసేటప్పుడు నాలుగు రక్తపు చుక్కలు బొంత ముక్క మీద పడ్డాయి. పోశవ్వ దాన్ని కుళాయి కింద ఒంటిచేత్తో ఉతికి, కోడలితో పిండించి, కిటికీ ఊచకు కట్టించింది. "తడిది సంచిల పెడితే వాసనొస్తది. గీడనే ఆరనియ్యి. గురువారం తీస్కుంట," అంది. మెట్ల దగ్గర మళ్ళీ అతడి భుజం పట్టుకుంది.

సాయంత్రం ఇంట్లో భార్య రాజక్క అన్నం పెట్టింది. ఇరవై నాలుగేళ్ళ కింద వాళ్ళకు పుట్టిన ఒక్క బిడ్డ మూడు రోజులే బతికింది. ఆ వారమంతా బాలమల్లు నీళ్ళు తోడాడు, వంట చేశాడు, బట్టలు ఉతికాడు. నీకెట్లున్నది అని మాత్రం అడగలేదు. అడిగితే బాధపడుతుందనుకున్నాడు. ఇప్పుడు పోశవ్వ మాట చెవిలో మోగింది. ఎవరికోసం ఆగినట్టు?

"రాజీ," అన్నాడు ముద్ద కలుపుతూ.

"ఏంది?"

"రేపు కూరగాయలేం తేవాలె?"

"బీరకాయలు తే," అంది ఆమె.

గురువారం పొద్దున ఏడో మంచం ఖాళీగా ఉంది. బస్సు ఆలస్యమైందేమో అనుకున్నాడు. తొమ్మిదిన్నరకు నవనీత ఫోన్ చేసింది.

"అన్నా, అత్త పోయింది. బస్సుకని తయారైనం. గడప మీద కూసోని చెప్పులు తొడుక్కుంటుంటె పక్కకు ఒరిగింది. గంతే."

అతడు గోడకు ఆనుకున్నాడు.

"నిన్న మాపు అడిగిందన్నా, నేను నీకు భారమైననా పిల్లా అని. ఎన్నడు గట్ల అడగలే. నాకు నవ్వొచ్చింది. బీడీలు కట్టలు కట్టుకుంట, గిదేం ముచ్చటత్తా, రేపు బస్సుల జెప్తలే అన్న." ఆపైన కాసేపు ఏడుపు మాత్రమే వినబడింది. "బస్సుల గంటసేపు ఇద్దరం పక్కపక్కకే కూసుంటం గదా అన్నా."

పదకొండు నెలలు. వారానికి రెండుసార్లు, పోనూ రానూ. అన్ని బస్సుల్లో వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"ఏమని చెప్దువు చెల్లే?" అని అడిగాడు.

"ఏం జెప్దును? నువ్వు లేకుంటే నాతోని మాట్లాడెటోళ్ళెవరే ముసలిదానా అని జెప్దును."

ఫోన్ పెట్టేశాక తూకం దగ్గర నిలబడ్డాడు. రాజన్నకు తెచ్చిన పువ్వు ఇంకా చేతిలోనే ఉంది. పటం వైపు తలెత్తలేకపోయాడు. పోయినవాళ్ళ పట్ల చేసిన తప్పును దేవుడు మన్నించవచ్చా, ఆ హక్కు ఆయనకైనా ఉంటుందా అనిపించింది. పువ్వును తూకం పక్కన పెట్టి, తర్వాతి రోగి చెప్పులను గోడవారకు జరిపాడు.

ఏడో మంచం పక్క కిటికీ ఊచకు కట్టిన బొంత ముక్క ఎప్పుడో ఆరిపోయింది. నడుమ ఒక చేయి ఆనినంత మేర పడ్డ పల్లం మాత్రం ఉతికినా పోలేదు.