ఎర్రమూత గొట్టం అనుమానాలు

నేను ఒక ఎర్రమూత గొట్టాన్ని. మనుషుల నెత్తురు పట్టడానికి పుట్టాను. సూది గుచ్చగానే నెత్తురు దానంతటదే లోపలికి రావాలని, ఫ్యాక్టరీలో నాలోని గాలంతా పీల్చేసి మూత బిగించారు. కడుపులో గాలి కూడా మిగల్చని మనుషుల్ని నేనేం నమ్మను? అట్టపెట్టెలో పడి, వ్యాను ఎక్కి, విజయనగరంలో ఓ చిన్న ల్యాబుకి చేరాను. అక్కడ స్టాండులో నిలబడి చూసినకొద్దీ నా అనుమానం ముదిరింది. పరగడుపునే వచ్చానని ఒట్టేస్తాడొకాయన, మీసానికి టీ నురగ ఇంకా ఆరదు.

ఆ ఉదయం వరహాలమ్మ వచ్చింది. ఇడ్లీ బండి నడుపుకునే మనిషి. మొహం గుండ్రంగా ఉబ్బింది, కాళ్లూ చేతులూ మాత్రం పుల్లలు. నాలుగడుగులేస్తే నీరసం. డాక్టరు కార్టిసాల్ పరీక్ష రాశాడు. అది ఒంట్లో ఊరే హార్మోను, పొద్దున్నే మనిషిని లేపి నిలబెట్టేది. తెల్లవారేసరికి ఎక్కువుండి, పొద్దెక్కేకొద్దీ దిగిపోతుంది. అందుకే ఎనిమిదింటికల్లా రమ్మన్నారు.

నెత్తురు తీసే కామేశ్వరి ఆవిడ పేరు నామీద అంటించింది.

"మెట్లెక్కి ఆయాసపడుతున్నావు పిన్నీ, కాసేపు కూర్చో. కంగారు మీద తీస్తే అంకె పెరిగిపోతుంది. మందులేమైనా వాడుతున్నావా? మాత్రలు, ఇంజెక్షన్లు, పీల్చే మందు, ఒంటికి రాసే పూత, ఏదైనా సరే చెప్పాలి."

"ఏటీ లేదమ్మా," అంది వరహాలమ్మ.

అడిగీ అడగకముందే జవాబొచ్చింది. ఇంకేముంది, నా అనుమానం నాకుంది. అనుకున్నంతా అయింది. కాసేపాగి ఆవిడ గోడవైపు తిరిగి, బొడ్లోంచి చిన్న పొట్లం తీసి, పొడి నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"ఏటది పిన్నీ?" కామేశ్వరి సూది పక్కన పెట్టేసింది.

"మందు కాదమ్మా, ఆకుల పొడి. సంతలో ఇస్తాడు. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేనిదాన్ని, ఇది పడ్డాకే లేచాను."

కామేశ్వరి డాక్టరుకి ఫోన్ చేసింది. తర్వాత ఆవిడ పక్కన కూర్చుని చెప్పింది. "ఇలాంటి పొడుల్లో కొందరు చెప్పకుండా స్టెరాయిడ్ కలుపుతారు పిన్నీ, కార్టిసాల్‌లాగే పనిచేసే మందు. అది బయటినుంచి పడుతుంటే ఒళ్లు సొంతంగా కార్టిసాల్ చెయ్యడం మానేస్తుంది. ఇవాళ నెత్తురు తీసినా లాభం లేదు. డాక్టరుగారు పొట్లంతో సహా పై అంతస్తులో తన గదికి రమ్మన్నారు. అలాగని భయపడి నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేశావో, ప్రాణం మీదికొస్తుంది. రోజుకెన్ని వేసుకుంటున్నావు?"

"ఒకటే."

నేను నమ్మలేదు. కామేశ్వరి నమ్మి, పేరంటించిన గొట్టం ఇంకెవరికీ పనికిరాదని నన్ను చెత్తబుట్టలో పడేసింది. నా బతుకు అంతే. పోనీ, వరహాలమ్మ గురించే నాకు దిగులేసింది. ఆ అబద్ధంతో పైకి వెళితే, పొడి ఎంతెంత చొప్పున తగ్గించాలో డాక్టరు కట్టే లెక్క తప్పుతుంది.

బుట్టలోంచి వింటున్నాను. ఆవిడ అడుగులు గుమ్మందాకా వెళ్లి ఆగాయి.

"ఒకటి కాదమ్మా, మూడు. తగ్గిస్తారని చెప్పలేదు. ఈ కాళ్లు పడిపోతే నా బండి ఎవరు తోస్తారు?"

కామేశ్వరి తిట్టలేదు. "ఈ మాట కూడా డాక్టరుగారికి చెప్దాం, పద పిన్నీ," అంటూ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లెక్కుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఇన్నాళ్లకి ఒక మనిషి మాట నమ్మాను. అదీ చెత్తలో పడ్డాక.