పసుపు చీర, నాలుగు ఇటుకలు

పనసపొట్టు కొట్టడం అందరి వల్లా అయ్యే పని కాదని ఇందుమతిని మెచ్చుకోవడం ఆ ఇంట్లో వాళ్లకు బాగా అలవాటు. మెచ్చుకుంటే చాలు, కత్తి పట్టక్కర్లేదు మరి. ఆదివారం పొద్దున్నే శంకరరావు మార్కెట్ నుంచి కటహల్, అదే పనసకాయ, మోసుకొచ్చి, "మీ మామయ్యకి ఇదంటే ప్రాణం కదా, నీ చేతి కూర తినిపించు" అని వంటింట్లో పెట్టి, పేపరు పట్టుకుని కూర్చున్నాడు. కొట్టడానికి రెండు గంటలు పట్టింది. చేతులకు నూనె రాసుకున్నా జిగురు మోచేతుల దాకా పాకింది.

ఆ మామయ్య నరసింగరావు ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు నడిపి రిటైరై, విశాఖలో ఉంటున్నాడు. చాలా ఏళ్లకు అక్క పిల్లల్ని చూడ్డానికి భిలాయి వచ్చాడు. ఇందుమతి కూతురు అమ్ము ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ పరీక్షకు కట్టింది. పరీక్ష వచ్చే ఆదివారమే, రాయపూర్‌లో. పిల్లను పంపాలో వద్దో మామయ్యను అడిగి తేలుద్దామన్నాడు శంకరరావు. తల్లిని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇందుమతికి తొమ్మిదేళ్లప్పుడు వాళ్లు భిలాయిలో ఇదే సెక్టర్ 2లో, రెండు వీధుల అవతల క్వార్టర్లో ఉండేవారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మామయ్య విమానం ఊరి అవతల నందిని ఎయిర్‌స్ట్రిప్‌లో దిగేది. వచ్చే తారీఖు ఉత్తరంలో రాసి, మేడ మీద ఏదైనా పరిస్తే పైనుంచి చూస్తానని ఊరించేవాడు. ఆ రోజు బడి ఎగ్గొట్టి, అమ్మ పెళ్లి నాటి పసుపు చీరను మేడ మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ఎండలో నిలబడేది ఇందుమతి. మోత వినబడగానే రెండు చేతులూ ఊపుతూ గెంతేది. చీరకు స్టీల్ ప్లాంటు దుమ్ము పట్టేసిందని అమ్మ చేతిలో దెబ్బలు తప్పేవి కావు. తమ్ముడు రాజాబాబు ఆ మోతకు జడిసి అమ్మ కుచ్చిళ్లలో దూరేవాడు. తర్వాత మామయ్య ఉత్తరం వచ్చింది. రాజాబాబు పరిచిన చీర కనిపించిందట. నేను కదమ్మా అని ఏడిస్తే, ఆడపిల్ల మేడెక్కి గెంతుతోందని తెలిస్తే వాడేటనుకుంటాడు, ఊరుకోమంది అమ్మ. మరుసటిసారి మామయ్య రాజాబాబును నందిని ఎయిర్‌స్ట్రిప్‌కు తీసుకెళ్లి విమానంలో కూర్చోబెట్టాడు. ఒక్కరికే పర్మిషనట. ఇందుమతికి గాజులు తెచ్చాడు. ఆ గాజులంటే ఆమెకు ఈనాటికీ అసహ్యమే.

మధ్యాహ్నం భోజనాలకు రాజాబాబు కూడా వచ్చాడు. ఇందుమతి వడ్డిస్తోంది. శంకరరావు పరీక్ష సంగతి ఎత్తగానే మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఆడపిల్లకి ఆ లైనెందుకు నానా? బ్యాంకు పరీక్షలు రాయించండి. ఆ పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉండాల. మన రాజాబాబుకి ఉండీది. నాకోసం మేడ మీద చీర పరిచీవోడు. ఏ రంగురా అది?"

"తెల్లదే మామయ్యా" అన్నాడు రాజాబాబు, తలెత్తకుండా.

ఇందుమతి చేతిలో గరిట ఆగింది. ఆ చీరను తమ్ముడు చూడనే లేదు, పరిచిందెవరో మాత్రం గుర్తు లేక కాదు. ఆ విమానంలో కూర్చున్న గొప్ప ఇన్నేళ్లూ చెప్పుకున్నాడు, ఇప్పుడు వదులుకోలేడు.

"పసుపుది" అంది. "అమ్మ పెళ్లి చీర. ఇటుకలు పెట్టి పరిచిందాన్ని నేను. వీడు లోపల ఏడ్చీవోడు."

 మామయ్య నవ్వేశాడు.

"ఎవరు పరిస్తే ఏటిలే, నాకు కనిపించింది కదా."

"ఇందూ, మామయ్యకి కూర వెయ్యి" అన్నాడు శంకరరావు.

ఒక్కసారిగా ఆమెకు ఒళ్లు మండిపోయింది. కూరగిన్నె తెచ్చి రాజాబాబు ముందు పెట్టి, నువ్వు వెయ్యరా అంది. కంచం తెచ్చుకుని అమ్ము పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో మగవాళ్లు లేవకముందే ఆమె కూర్చోవడం అదే మొదలు.

"అమ్మూ, ఆదివారం పొద్దున్నే లోకల్ బండికి రాయపూర్ పోదాం. నీతో నేనొస్తాను."

అమ్ము ముందు తండ్రి వైపు, తర్వాత తల్లి వైపు చూసి, సరేనంది. మామయ్య ఇంకో వారం ఉంటాడు కదా, ఆ రోజు వంట సంగతేమిటని శంకరరావు అడిగాడు.

ఇందుమతి అన్నం కలుపుకుంటూ, కత్తి వంటింటి గట్టు మీదే ఉందని చెప్పింది.