దిగిరాని కర్ర

కొండమ్మ నిన్నటి వెదురు కర్రలను భవనాశి ఏట్లో కడిగి, బండకు ఆనించి ఆరబెడుతోంది. పట్టుకునే చేతులు బొబ్బలెక్కకుండా ప్రతి కర్ర తలకూ తన పాత చీరలోంచి చింపిన ఎర్రటి పేలిక చుట్టింది. ఎగువ అహోబిలంలో ఉగ్రస్తంభం కొండ ఎక్కేవాళ్లు కర్ర తీసుకుపోయి, దిగొచ్చి తిరిగి ఇస్తారు. ఎక్కినవాళ్లంతా దిగేదాకా కర్రల మనిషి లేవకూడదని అత్త వెంకటలక్ష్మమ్మ నేర్పింది. అందుకే కాపురానికి వచ్చిన నాటినుంచీ కొండమ్మ ఆ కొండ కిందే కూర్చుంది. ఏటి మలుపు దాటి పైకి పోయింది లేదు.

డోలీ మోసే మొగుడు ఓబులేసు మాత్రం రోజూ ఎక్కేవాడు. అన్నం తింటూ, "పైనుంచి సూస్తే నువ్వు చింతగింజంత కనపడతావ్‌మే" అనేవాడు.

"అంత సిన్నది నేనేనని ఎట్ల తెలిసె?"

"నువ్వు కూసునే తీరు నాకు తెలీదా."

ఇప్పుడతని మోకాళ్లు అరిగాయి. నంద్యాల బియ్యం మిల్లులో కాపలా పని దొరికింది. ఈ సాయంత్రం ఆఖరి బస్సుకే ప్రయాణం. కర్రలు రేపటినుంచి పక్కన కొబ్బరికాయలమ్మే అంకమ్మవి.

పొద్దు వాలుతున్నా, కర్రలు తీసుకుపోయిన ఒక కొత్త జంట దిగలేదు. మూటల పక్కన ఓబులేసు కదిలాడు.

"బస్సొచ్చే యాళాయె. అంకమ్మ సూసుకుంటాది, లెయ్."

"నేనిచ్చిన కర్రలు. నేనే తీసుకోవాల."

అతను ఆమెనూ కొండనూ మార్చి మార్చి చూశాడు. "అయితే నేను కూసుంటా. నువ్వు పోయి పిల్చకరాపో."

"నీకు కూసునేది వస్తాదా?"

"నిన్ను సూసి నేర్చుకున్యా."

కొండమ్మ ఒక కర్ర అందుకుంది. మలుపు దాటింది. ఎండ తాగిన రాళ్లు పాదాలకు వెచ్చగా తగిలాయి. పైన బండ మీద ఆ జంట కూర్చుని ఉంది. అమ్మాయి చెప్పు తెగింది. అబ్బాయి దాన్ని రుమాలుతో కట్టలేక అవస్థ పడుతుంటే ఇద్దరూ నవ్వుతున్నారు. కొండమ్మ కర్రను బండకు ఆనించి, గాజుకున్న పిన్నీసు తీసి చెప్పుకు గుచ్చింది.

అప్పుడు వెనక్కి తిరిగింది.

కింద చింతగింజంత మనిషి. వంగని కాలు ముందుకు చాపి, నెత్తిన తువ్వాలు. ఆయనే. తువ్వాలు తీసి ఊపాడు. ఆమె కొంగు ఊపింది.

అమ్మాయి చెయ్యి పట్టుకుని కొండమ్మ దిగింది. ముగ్గురూ కిందికి వచ్చాకే ఓబులేసు లేచాడు.

బస్సు దిగువ అహోబిలం దాటాక కొండమ్మ తన ఖాళీ చెయ్యి చూసుకుని నవ్వింది.

"నా కర్ర పైన్నే మర్సిపోయినా."

"అయితే నువ్వింగా దిగల్యా" అన్నాడు ఓబులేసు.

మలుపు పైన, ఇంకా వెచ్చగా ఉన్న బండకు ఆనుకుని, ఎర్రపేలిక గాలికి ఆడుతూ, ఆ కర్ర నిలబడి ఉంది.